బెల్మీరు తీసేయమన్న కుర్చీ

మా కొండ ఊరందరిదీ. అందరూ సరేనంటేనే ఏ నిర్ణయమైనా. ఆ రోజు ఓక్ చెట్లు కొట్టించి, కొండను జామాయిల్ కంపెనీకి ఇవ్వాలని సభ పెట్టారు. ఇన్నేళ్లూ సభ నడిపిన నా భార్య దియొలిందా చలికాలంలో పోయింది. ఇప్పుడు బెల్మీరు నడుపుతున్నాడు.

అందరం గుండ్రంగా కూర్చున్నాం. ఒక్క కుర్చీ ఖాళీ.

"అన్నా, నీ బాధ నాకు తెలీదా? దియొలిందా కుర్చీ ఇక తీసేద్దాం," అన్నాడు బెల్మీరు.

"నా బాధ వదిలెయ్. ఆమె కుర్చీలో నేను కూర్చున్నా. అది ఇంకా పుట్టనివాళ్లది. సభ చివర్లో ఆమె మనందర్నీ అడిగాక, సరేనా అని దాన్నీ అడిగేది. నువ్వూ అడుగు."

"చెక్క ముక్క ఏం చెబుతుందయ్యా?"

ఎవరూ నవ్వలేదు. నెలలు నిండిన బెల్మీరు కూతురు మెల్లగా లేచి, వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది.

"అడుగు నాన్నా," అంది.