బాంబే గ్రూపు: ఒకరు

తప్పులుంటే దిద్దుకొని చదవండి. ముసలితనంలో పలక పట్టినదాన్ని. రాయడానికి నాకు చాలా పొద్దు పట్టింది గానీ, కథ తొందరగానే చెప్తాను.

కంప్యూటరు మళ్లీ అదే మాట చూపించింది. కావలసిన ముక్క లేదు, ప్రోగ్రాం మొదలుకాదు.

స్రవంతికి వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. వెనక మధు నిలబడి ఉన్నాడు.

మధుది తొర్రూరు దగ్గర పల్లె, పత్తి సేద్యం. పొద్దున అతని భార్య దీపను రోడ్డు మీద లారీ గుద్దింది. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. వరంగల్ దవాఖానలో ఆమెకు తెలివి లేదు. రక్తం పోతూనే ఉంది. పరీక్ష చేస్తే బాంబే గ్రూపని తేలింది. వేలల్లో వెతికినా ఒకరికి ఉండని రక్తం. ఎక్కడా నిల్వ లేదు. హైదరాబాదులో అడిగితే రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. నర్సు అనూష అతన్ని సుబేదారిలోని రక్తదాతల సంఘానికి ఉరికించింది.

సంఘానికి ఉన్నది ఒక గది, ఒక సర్వరు, దాన్ని చూసుకునే స్రవంతి.

సరిగ్గా ఆ రోజే ఆమె సర్వరుకు కొత్త ఆపరేటింగ్ సిస్టం వేసింది. వేయక తప్పలేదు. పాతదాన్ని పట్టించుకునేవాళ్లు ఎప్పుడో మానేశారు. ఒకటో తారీఖు నుంచి దాని మీదుగా ఫోన్లు పోనిచ్చేది లేదని ఫోను కంపెనీవాళ్లు చెప్పేశారు. కొత్త సిస్టం చక్కగా ఎక్కింది. దాతలకు ఫోను చేసే ప్రోగ్రామే లేవలేదు. అది ఏనాడో రాసింది. ఇంకో చిన్న పాత ముక్క మీద ఆనుకొని నడుస్తుంది. ఆ ముక్క పాత సిస్టంతో పాటు చెరిగిపోయింది. దాని బదులు కొత్త రకం వేస్తే ప్రోగ్రాం దాన్ని ఎరగనంటుంది. ఇంటర్నెట్‌లో వెతికితే, ఆ ముక్కను ఉంచిన సైటే మూతపడి ఉంది.

సంఘం అధ్యక్షుడు రామలింగం బట్టల దుకాణం కొడుకులకు వదిలేసి ఈ పనిలో పడ్డ మనిషి. గదిలో ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతున్నాడు.

“మంచిగ నడిచేదాన్ని ఎందుకు విప్పినవ్ బిడ్డా?”

“విప్పుమని మొన్న మీరే అన్నరు గద కాకా.”



మధుకు ఒకటే అర్థం కాలేదు. “పేర్లు దాంట్లనే ఉన్నయంటున్నరు గదక్కా. తీసి నాకియ్యిర్రి. నేనే పోయి కాళ్ల మీద పడ్త.”

అట్లా కుదరదని స్రవంతి చెప్పింది. ఒకప్పుడు జనం నేరుగా దాతల ఇళ్ల మీదికి పోయేవాళ్లు. కొట్లాటలై సగం మంది పేర్లు తీయించుకున్నారు. అప్పుడు ప్రోగ్రాం రాసిన పెద్దమనిషి పేర్లకూ నంబర్లకూ తాళం వేశాడు. ప్రోగ్రామే దాతకు ఫోను చేస్తుంది. దాత సరేనంటేనే పేరు బయటపడుతుంది. ఆ పెద్దమనిషి పోయి చాలా కాలమైంది. తాళం తీయకుండా కనిపించేవి రక్తం గ్రూపు, ఎంతమంది అన్న అంకె. అంతే.

తెర మీద ఆ వరుస ఉంది. బాంబే గ్రూపు: ఒకరు.

మధు ఆ అంకెను చేత్తో తడిమాడు. “ఒక్కలున్నరు గదక్కా. ఒక్కలు చాలు.”

అంతలో అనూష ఫోను చేసింది. “అక్కా, బీపీ పడిపోతాంది. ఎవలన్న దొరికిన్రా అని డాక్టర్ సారు అడుగుతాండు.”

దొరుకుతారని చెప్పి స్రవంతి ఫోను పెట్టేసింది.

రామలింగానికే ఒక సంగతి తట్టింది. ఆ పెద్దమనిషే కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల సంఘానికి కూడా కంప్యూటరు పెట్టాడు. అప్పటి సామానే, అప్పటి సిస్టమే. ఫోను చేసి అడిగితే, అది నూలు గోదాములో మూలకు పడి ఉందన్నారు. మధు, రామలింగం మోటారు సైకిలు మీద పోయి దాన్ని ఒళ్లో పెట్టుకొని తెచ్చారు. డబ్బా నిండా నూలు పీచు. మీట నొక్కితే ఉలకలేదు, పలకలేదు. స్రవంతి దాని హార్డ్ డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకు తగిలించింది. డిస్కు కిర్రుమని తిరిగింది.

పాత ముక్క ఉంది.

కానీ కొత్త సిస్టం దాన్ని లోపలికి రానివ్వలేదు. స్రవంతి కొత్త సిస్టం లోపలే పాత సిస్టానికి ఒక చిన్న గది కట్టింది. అందులో పాత ముక్కను, ప్రోగ్రామును పెట్టింది. ప్రోగ్రాం లేచి, వెంటనే కూలిపోయింది. మళ్లీ అనూష ఫోను. ఈసారి ఎత్తలేదు. ఆ గదిని చెరిపి మొదటినుంచి కట్టింది.

ప్రోగ్రాం లేచింది. నిలబడింది. పేర్ల తాళం తెరిచింది.

రామలింగం బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. దాత ఏ మూలనున్నా తానే తెస్తానన్నాడు. స్రవంతి బాంబే గ్రూపును ఎంచి మీట నొక్కింది. మధు స్పీకరు ముందు రెండు చేతులూ జోడించాడు.

“ఎవలైతేంది, మీ బాంచెను, జర ఫోను ఎత్తుర్రి.”

స్పీకరులో రింగు మొదలైన క్షణానే, పొద్దున రోడ్డు మీద ఎవరో ఏరి ఇస్తే మధు తన చొక్కా జేబులో వేసుకున్న దీప ఫోను మోగింది.

— ఎలగందుల సరస్వతి, డెబ్బై ఒక్క ఏండ్లు, ఇప్పుడు ఉండేది మట్టెవాడ, వరంగల్