రెండు దినాల బ్యాటరీ

“ఫ్యాను వద్దప్పా. ఫ్రిజ్జు ఒక్కటి నడిస్తే సాలు,” అంది వీరమ్మ.

ఆదోనిలో సోలార్ కొట్టు నడిపే ఉమేర్ ఆమెను వింతగా చూశాడు. ఆమె ఊరు కోసిగి ఎండల్లో ఫ్యాను వద్దనే మనిషి అతనికి ఇంతవరకూ తగల్లేదు.

“రెండు దినాలు మబ్బు పట్టి, కరెంటు పోయినా అది ఆగకూడదు. అట్లాంటి బ్యాటరీ ఇయ్యి.”

“కూల్‌డ్రింకులు అమ్ముతాండావా అక్కా?”

వీరమ్మ నవ్వింది. “ఏదో ఒకటి. సల్లగ ఉండల్ల, అంతే.”

“రెండు దినాలు రావాలంటే పెద్ద బ్యాటరీ కావల్ల. నీకంత ఖర్చెందుకు? ఒక రాత్రికి సరిపడేది పెడతా. తెల్లారితే ఎండ వస్తుంది కదా.”

ఆమె మంచికే చెప్పాడు. వీరమ్మ సరేనంది.

బిగించిన రోజు జొన్నరొట్టె, చెనక్కాయల పొడి పెట్టి, తినేదాకా అతన్ని కదలనివ్వలేదు.

ముసురు పట్టినప్పుడు ఫోన్ చేసింది.

“ఫ్రిజ్జు ఆగిపోయిందప్పా. అన్నీ తీసి, కుండకు తడిగుడ్డ సుట్టి దాంట్లో పెట్టినా. పెద్ద బ్యాటరీ తెచ్చియ్యి.”

“మిల్లోళ్ళ ఇంటి పని అయిపోనీ అక్కా, వస్తా.”

కూల్‌డ్రింకులకు ఇంత ఆరాటమా అని నవ్వుకున్నాడు కూడా.

పని మీద పని పడింది. ఉమేర్ పెద్ద బ్యాటరీ ఆటోలో వేసుకుని కోసిగి చేరేసరికి మిరప కోతల కాలం వచ్చేసింది. వీరమ్మ ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింటి యేసేపు వచ్చి తాళం తీశాడు.

“గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి పోయినాది. పెద్ద బ్యాటరీకి దుడ్లు కావల్ల కదా.”

“నన్నడిగితే నిదానంగా కట్టుకోమనేవాణ్ణి కదన్నా.”

“మేమూ అదే సెప్పినాము. ‘ఆ సోలార్ పిల్లోడు మా ఇంట్లో రొట్టె తినిపోయినాడు, వాని మీద బరువు పెట్టకూడదు’ అనె.”

ఉమేర్ తల వంచుకున్నాడు.

యేసేపు ఫ్రిజ్జు తెరిచాడు. లోపల కూల్‌డ్రింకు ఒక్కటీ లేదు. అరల నిండా చిన్న చిన్న ఇన్సులిన్ సీసాలు. అందులోంచి తనది వెతికి తీసుకున్నాడు.

“అక్కకు ఇంత షుగరుందా అన్నా?”

“ఇవన్నీ మా వీధోళ్ళవి. మా ఎవరిండ్లలోనూ ఫ్రిజ్జు లేదు,” అన్నాడు యేసేపు, తలుపు మెల్లగా మూస్తూ. “వీరమ్మకు షుగరే లేదప్పా.”