మూడు ఫ్యూజులు

"కామరాజు వచ్చేదాక కరెంటియ్యకు తమ్మీ. తర్వాత ఏడ్చి లాభం లేదు."

ఫోన్‌లో రాజనర్సయ్య గొంతు నెమ్మదిగానే ఉంది. అందుకే కేదార్‌కి అది మరింత బెదిరింపులా వినిపించింది. పంజాగుట్టలోని ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల సంఘానికి ఆయన అధ్యక్షుడు.

"ఏంటండీ, బెదిరిస్తున్నారా?"

"పద్ధతి జెప్తున్న. పని చేతులు మారితే పాతాయన బోర్డు ముంగట నిలబడి అప్పజెప్పాలె. గప్పటిదాక కొత్తాయన మెయిన్ ముట్టొద్దు. కామరాజు ఫోన్ బందున్నది. నేనే ఎర్రమంజిల్ పోయి ఇంటికాడికెల్లి తోల్కొస్త. జర ఆగు."

ఫోన్ పెట్టేసి కేదార్ పళ్లు కొరికాడు. భీమవరం నుంచి వచ్చి ఇన్నాళ్లూ ఫ్యాన్లు, గీజర్లు బిగించుకున్నాక, అమీర్‌పేటలో మైత్రీవనం వెనక దొరికిన మొదటి పెద్ద పని ఇది. కొత్త కోచింగ్ సెంటర్. సాయంత్రం ప్రారంభోత్సవం. అప్పటికి లైట్లు వెలగకపోతే పని ఇంకొకరికి ఇస్తానని యజమాని అచ్యుతరావు మొహం మీదే చెప్పాడు. సంఘం ఏమో ఆగమంటోంది. కొత్తగా వచ్చినవాడికి అడ్డుపుల్ల వేయడం తప్ప దానికి వేరే పనేముంటుందో కేదార్‌కి ఎప్పుడూ అర్థం కాలేదు.

"కామరాజుని నిన్ననే మానిపించాను. పొద్దున సామాను తీసుకుపోయాట్ట, నేనొచ్చేసరికి లేడు" అన్నాడు అచ్యుతరావు. "పోతూ పోతూ ఏం చేశాడో చూడండి!"

మెయిన్ బోర్డులో మూడు ఫ్యూజులూ లేవు.

కేదార్‌కి ఒళ్లు మండింది. పని మీదున్నవాడు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటాడు, తను తీగ పట్టుకున్నప్పుడు ఇంకెవరూ కరెంటు ఇవ్వకుండా. తమ్ముడు ప్రమోద్‌కి మొట్టికాయలు వేసి మరీ నేర్పిన పద్ధతి అది. దాన్ని ఈ కామరాజు కక్ష తీర్చుకోవడానికి వాడుకున్నాడు.

ప్రమోద్‌కి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. వైర్ల కోసం పొద్దున్నే బేగంపేట పంపాడు. ఆ ట్రాఫిక్‌లో బండి మీద ఉండి ఏం ఎత్తుతాడులే అనుకున్నాడు. తనే సందు చివరి షాపుకెళ్లి కొత్త ఫ్యూజులు తెచ్చాడు.

"పైన ఎవరైనా ఉన్నారాండీ?"

"వడ్రంగులున్నారు. వాళ్లకి కరెంటుతో పనేముంది? కానివ్వండి. ఆలస్యం అమృతం విషం అన్నారు."

జేబులో ఫోన్ మోగింది. రాజనర్సయ్య. కేదార్ కట్ చేశాడు. మళ్లీ మోగింది. ఈసారి ఫోనే ఆపేశాడు.

ఫ్యూజులు బిగించి మెయిన్ హ్యాండిల్ పైకెత్తాడు. పైనెక్కడో ఏదో బరువుగా పడిన చప్పుడైంది.

"బల్ల పడేసినట్టున్నారు, వెధవలు" విసుక్కున్నాడు అచ్యుతరావు.

వరండా పొడుగునా లైట్లు వెలిగాయి. కేదార్ గుండె పొంగింది. బేగంపేట నుంచి రాగానే ఇదంతా ప్రమోద్‌కి చూపించాలనుకున్నాడు. రేపే ఇద్దరి పేర్లతో కాంట్రాక్టర్ల బోర్డు ఒకటి రాయించాలి.

కాసేపటికి గేటు ముందు ఆటో ఆగింది. రాజనర్సయ్య, వెనకే కామరాజు దిగారు. గొడవకే వచ్చారనుకుని కేదార్ చేతులు కట్టుకుని ఎదురెళ్లాడు.

లైట్లు చూడగానే కామరాజు కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"కరెంటు ఎవరిచ్చిండ్రు?"

"నేనే. ఫ్యూజులు పట్టుకుపోతే పని ఆగిపోతుందనుకున్నారా?"

"ఫోనెందుకు ఎత్తలేదు తమ్మీ?" అన్నాడు రాజనర్సయ్య.

"నేను పట్టుకపోవుడేంది భాయ్?" కామరాజు మెట్లకేసి పరిగెత్తబోతూ అన్నాడు. "బేగంపేటల దుకాణం తెరవలేదని నీ తమ్ముడు పొద్దుగాలనే గిటొచ్చిండు. పనంతా ఆయనకే అప్పజెప్పిన.

"ఫ్యూజులు జేబుల ఏసుకొని పైకి పోయిండు."