మేడ మీద ఇంకా పొద్దుంది

"చెయ్యి తియ్యి! పొద్దు గుంకింది."

రొట్టె తుంచబోయిన కిరీట్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇద్దరు కూర్చోవలసిన బల్ల మీద అతనొక్కడే నిండుగా కూర్చుని ఉన్నాడు.

"బా, ఇప్పుడేగా కొట్టు కట్టేసి వచ్చి స్నానం చేశాను! ఒక్క రొట్టె."

"చౌవిహార్ వ్రతం పట్టావు. పొద్దు గుంకాక నీళ్ళు కూడా లేవు" అంది అతని తల్లి చంచల్‌బా. "డాక్టరు ఏమన్నాడో ఒకసారి చెప్పు."

కిరీట్ పాఠం అప్పజెప్పినట్టు మొదలెట్టాడు. "ఒంటికీ ఒక గడియారం ఉంటుందిట. చీకటి పడితే అదీ నిద్రకు తయారవుతుందిట. నాలాంటి లావు మనిషి అప్పుడు తింటే చక్కెర రక్తంలోనే ఉండిపోతుందిట."

"నెలాఖరు పరీక్షలో చక్కెర తగ్గకపోతే?"

"రోజూ సూది" అన్నాడు. ఆ మాటకే అతని బుగ్గలు వణికాయి. భార్య హంస నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది.

కిరీట్ కళ్ళు హఠాత్తుగా మెరిశాయి. "మనది మొదటి అంతస్తు కాబట్టి చీకటి పడింది. మేడ మీద ఇంకా పొద్దుంటుంది!"

"ఉంటే? మెట్లెక్కమంటే మోకాళ్ళు పట్టుకుని ఏడ్చేవాడివి, అయిదంతస్తులు ఎక్కుతావా?"

"అన్నం కోసం గిర్నార్ కొండైనా ఎక్కుతాను!"

పళ్ళెం పట్టుకుని బయల్దేరాడు. లిఫ్టు లేని పాత భవనం అది. రెండో అంతస్తు చేరేసరికే ఊపిరి ఈలలు వేసింది. తలుపు తట్టాడు.

"జసుమతీబెన్, మీ ఇంట్లో వెలుతురుందా? అయిదు నిమిషాలు కూర్చుంటాను."

"అయ్యో కిరీట్‌భాయ్, మాకూ చీకటే! పైకెళ్ళండి, పైకి. పళ్ళెంలో కఢీ పులుసు ఒలికిపోతోంది, చూసుకోండి" అంటూ ఆవిడ తలుపు వేసేసింది.

ఇక ఎవరినీ అడగలేదు. మెట్టు మెట్టుకీ సూది గుర్తొస్తోంది, మెట్టు మెట్టుకీ సొరకాయ కూర వాసన ముక్కుకు తగులుతోంది. చెమటలు కక్కుకుంటూ మేడ మీదికి చేరాడు.

నీళ్ళ ట్యాంకుల పైన ఎర్రటి సూర్యుడు. ఎంత పొద్దు!

"బా! ఉంది! నేనే గెలిచాను!" పిట్టగోడ మీంచి కేక పెట్టాడు. "ఇక రోజూ ఇక్కడే తింటాను. ఏం చేస్తావో చేసుకో!"

కింద, కోడలు పళ్ళేలు తెచ్చేలోగా చంచల్‌బా బాల్కనీలోకి వచ్చింది. తాడు మీద ఆరేసిన మందపాటి దుప్పటిని లాగేసింది. ఎండ ఒక్కసారిగా లోపలికి వచ్చి బల్ల దాకా పరుచుకుంది. ఆవిడ రెండో అంతస్తు బాల్కనీ వైపు మెడ పైకెత్తి, గొంతు తగ్గించి పిలిచింది.

"జసూ, మావాడు ఎక్కేశాడు. నీ దుప్పటి కూడా తీసెయ్యి, మనమూ వెలుతురుండగానే తినేద్దాం."