ఒట్టుకు కట్టుబడిన బామ్మ

మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. నీళ్ళ టిన్నుతో బయటికి అడుగేసిన లీడరమ్మకు ఎదురుగా నాలుగో అంతస్తు బామ్మ కనిపించింది. మెట్టు మీద కూలబడి మోకాళ్ళు రుద్దుకుంటోంది.

కొత్త లిఫ్టు పేరు చెప్పి ఓనరు అద్దె పెంచాడు. "అసలు ఎక్కనే ఎక్కం, పెంచింది కట్టం" అని అద్దెకున్నవాళ్ళందరి చేత ఒట్టు వేయించింది లీడరమ్మే. ఆ పేరు కూడా అప్పుడే వచ్చింది. ఎక్కుతూ దొరికినవాళ్ళు కట్టాల్సిందేనని ఓనరు కాచుక్కూర్చున్నాడు.

"టిన్ను బరువని... ఈ ఒక్కసారికే, బామ్మగారూ." ఈ వారంలో అలాంటి ఒక్కసార్లు చాలానే అయ్యాయి.

"నేనేం చూళ్ళేదులేమ్మా. ఈ కళ్ళజోడు పేరుకే," అంది బామ్మ.

కింద నుంచి ఓనరు కేక వినిపించింది. "ఎవరండీ లిఫ్టెక్కింది?"

లీడరమ్మ చప్పున గోడ వారకి జరిగింది. మీటింగుల్లో మైకు అక్కర్లేని ఆ గొంతు ఎటు పోయిందో పోయింది.

"నేనేనయ్యా!" బామ్మ అరిచింది. "కాళ్ళాడక ఎక్కాను."

"అయితే వచ్చే నెల నుంచి మీరు పెంచింది కట్టాలి, బామ్మా!"

"అలాగేలే నాయనా."

లీడరమ్మ తల వంచుకుని గొణిగింది. "పైదాకా ఇందులోనే వెళ్ళండి బామ్మగారూ. ఎలాగూ కడుతున్నారు కదా."

ఆ మాట తన చెవికే ఎబ్బెట్టుగా వినిపించింది.

"ఒట్టేశాను కదమ్మా," అంటూ బామ్మ కమ్మీ పట్టుకుని పై మెట్టు ఎక్కింది.

లీడరమ్మ టిన్ను అక్కడే దించేసి, ఓనరు దగ్గరికి బయల్దేరింది. మెట్ల మీదుగానే.