పిండి డబ్బాలో ఓటు

"మధ్యాహ్నం రెండు దాటేదాకా అమ్మగారి ఓటు కవరు ఎవరికీ కనపడకూడదు పేరమ్మా. అంతే, ఖలాస్," అన్నాడు ఆదిశేషు గొంతు తగ్గించి. "మీ చెల్లెలు బేబీ ఇక్కడికి రావడానికి వీసా ఇచ్చే కఫీల్‌తో నేను మాట్లాడతా."

చపాతీ పిండి కలుపుతున్న పేరమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆ షార్జా ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరూ అమెరికా పౌరులు. అక్కడ ప్రెసిడెంటు ఎన్నికలు ఇంకో వారంలో ఉన్నాయి. అయ్యగారు ఆదిశేషుది ఏనుగు గుర్తు, అమ్మగారు మాణిక్యాంబది గాడిద గుర్తు. నెల రోజులుగా అన్నాల దగ్గర కూడా అదే పోట్లాట. పోస్టల్ బ్యాలెట్లు ఆలస్యమై నిన్ననే వచ్చాయి. ఇప్పుడు పోస్టు చేస్తే అందవు. ఈరోజు అమెరికా విమానం ఎక్కుతున్న స్నేహితుడు రెండింటికి వచ్చి ఇద్దరి కవర్లూ పట్టుకెళ్తానన్నాడు.

జ్వరమొస్తే రెండ్రోజులు పక్కనే కూర్చుని తడిగుడ్డ వేసిన అమ్మగారు గుర్తొచ్చారు పేరమ్మకు. బేబీ కూడా గుర్తొచ్చింది. అమ్మగారి కవరు తీసుకొచ్చి, కళ్లు మూసుకుని పిండి డబ్బా అడుక్కి తోసేసింది.

బయట కారు హారన్ మోగేసరికి మాణిక్యాంబ ఇల్లంతా తిరగేసేసింది.

"నా కవరు పోయి మీది మాత్రం ఎలా ఉంది? మీరే తీశారు!"

"ఛ, నేనెందుకు తీస్తాను?"

"తీయకపోతే మీదీ చింపండి. అప్పుడు నమ్ముతాను."

ఆదిశేషు తన కవరు చేతిలోకి తీసుకున్నాడు. చింపనంటే దొంగతనం ఒప్పుకున్నట్టే. పరపరా చింపేశాడు. కారు ఖాళీగా వెళ్లిపోయింది.

మాణిక్యాంబ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వచ్చేసింది. భుజాలు అదురుతున్నాయి.

పేరమ్మ ఇక తట్టుకోలేకపోయింది. కవరు తీసి, పిండి దులిపి, కాళ్ల మీద పడింది.

"నేనే తీసేనమ్మగోరూ! సెల్లెలి ఈసాకి ఆశపడిపోయేనండీ. నన్ను పంపించెయ్యండి."

మాణిక్యాంబ కొంగు తీసింది. కళ్లలో నీళ్లు ఉన్నాయి గానీ, అవి నవ్వాపుకోలేక వచ్చినవి.

"లేవే పిచ్చిదానా! బేబీ వీసా నేను ఇప్పిస్తాలే. ఈ కవర్లు వేళకు రావేమోనని రెండు వారాల కిందటే కాన్సులేట్‌కు వెళ్లి, అక్కడిచ్చే ఖాళీ బ్యాలెట్ మీద మా గాడిద గుర్తు అభ్యర్థి పేరు రాసి పంపేశాను. నా ఓటు ఈపాటికి చేరిపోయింది." తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "నువ్వు గనక దీన్ని తీసుండకపోతే, నేనే దాచాల్సొచ్చేది!"