చల్లిన నీళ్లు

ప్రభువు బల్ల రొట్టె పళ్లెం వరుసలో పూలమ్మ దాకా వచ్చింది. ఆమె చెయ్యి చాచేసరికి పాస్టర్ జయచంద్ర పళ్లెం వెనక్కి తీసుకున్నాడు.

"అవ్వా, నువ్వు ముంచే బాప్తిస్మం తీసుకోలేదంట గదా?"

"బిడ్డప్పుడే ఇచ్చినారు నాయనా. మదనపల్లె పెద్ద గుళ్లో."

"అది నీళ్లు చల్లడం. బాప్తిస్మం కాదు."

రేకుల షెడ్డులో ఉన్న అరవై మందీ తలలు తిప్పి చూశారు. చాచిన చేతిని పూలమ్మ మెల్లగా కొంగులో దాచుకుంది.

అది 1997. పుంగనూరులో ఆ సంఘం మొదలై నాలుగేళ్లు. పూలమ్మకు డెబ్భై దాటాయి. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, మోకాళ్లు పట్టేశాక పుంగనూరులో కూతురి దగ్గరికి చేరింది. ఆదివారాలు బస్సెక్కి మదనపల్లె పోలేక, ఇంటికి నాలుగడుగుల్లో ఉన్న ఈ షెడ్డుకు వస్తోంది.

సాయంత్రం జయచంద్ర ఆమె ఇంటికి పోయాడు. ముప్పై రెండేళ్లవాడు. అమ్మానాన్నా పసితనంలోనే పోతే సదుంలో మేనమామ పెంచాడు. చెడ్డవాడు కాదు. నమ్మినదాని దగ్గర మాత్రం ఒక మెట్టు కూడా దిగడు.

పూలమ్మ వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.

"వచ్చే ఆదివారం మన సంఘ పెద్ద గోవిందప్ప తోటలో తొట్టి నింపిస్తాను. ఒక్క మునక అవ్వా. ఆ తర్వాత బల్ల దగ్గర నిన్ను అడిగేవాళ్లుండరు."

"నీళ్లంటే భయం లేదయ్యా నాకు."

"మరి యాల వద్దంటాండావు?"

పూలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆ కాలంలో మా ఆసుపత్రి సూసుంటే తెలిసేది నీకు. తెల్లారితే ఫినాయిలు వాసన, రాగిజావ వాసన కలిసి వస్తాండె. వరండాలో నర్సమ్మలు కీర్తన ఎత్తుకుంటే బాలింతలు పడుకునే గొంతు కలుపుతాండ్రి. ఎంత బాగుండె!" ఆమె ముఖం వెలిగింది. కాసేపటికి గొంతు తగ్గింది. "ఎద్దులబండ్ల మీద వస్తాండ్రి నాయనా, యాడాడి పల్లెల నుంచో. బండి దిగేతలికే సగం పానం పోయుండేది. కొందరు బిడ్డలు పుట్టీ పుట్టకనే నీలంగా అయిపోతాండ్రి. 'పేరన్నా పెట్టండమ్మా, బాప్తిస్మమన్నా ఇప్పించండి' అని తల్లి ఏడుస్తాది. గుడి అయ్యగారికి కబురు పోయి, ఆయన సైకిలెక్కి వచ్చేదాకా బిడ్డ ఉండొద్దా? డాక్టరమ్మ నా పక్క సూసేది. పింగాణీ గిన్నెలో నీళ్లు తెచ్చి నేనే చల్లేదాన్ని. పేరు పెట్టి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అని."

"ఆయాకు ఆ అధికారం యాడిదవ్వా?"

"పానం పోతాంటే అధికారం ఎవుర్ని అడిగేది? అయ్యగారు వచ్చినాక ఆ పేర్లు గుడి పుస్తకంలో రాసుకుంటాండె." ఆమె మళ్లీ చింతపండు అందుకుంది. "ఇప్పుడు నేను మీ తొట్టిలో మునిగితే, ఆ బిడ్డల మీద చల్లింది ఉత్త నీళ్లని నేనే ఒప్పుకున్నట్టు గదా. ఆ తల్లులకు ఏమని సెప్పేది?"

జయచంద్ర లేచి వచ్చేశాడు.

ఆ శనివారం మదనపల్లెలో అన్ని సంఘాల పాస్టర్ల ఐక్య ప్రార్థన. ఐక్యత పేరుకే, ఏ సంఘం వాళ్లు ఆ సంఘం వాళ్ల పక్కనే కూర్చున్నారు. అది ముగిశాక జయచంద్ర ఒక్కడే పెద్ద గుడి ఆఫీసుకు నడిచాడు. గుడి కాపలా చూసే ఎల్లప్ప, అట్ట ఊడిన పుస్తకాన్ని బీరువాలోంచి తీసి దుమ్ము దులిపాడు.

"ఆయా పూలమ్మ చల్లిన బిడ్డలా? వాళ్లకు వేరే పేజీలే ఉండాయి సార్."

గంట గడిచినా జయచంద్ర ఆ పేజీల ముందే కూర్చుని ఉన్నాడు. "ఆఖరి బస్సు పోతాది సార్" అని ఎల్లప్ప రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు గోవిందప్ప తోటలో తొట్టి నిండింది. పూలమ్మ రాదనుకున్నారంతా. వచ్చింది. షెడ్డులో గోడవారన చాప మీద ఒదిగి కూర్చుంది.

పాటలయ్యాయి, వాక్యమయ్యింది. పళ్లెం ఎత్తుకున్న జయచంద్ర ముందు వరుసలన్నీ దాటి నేరుగా ఆమె దగ్గరికి పోయి, మోకాళ్లూని కూర్చున్నాడు.

"తీసుకోమ్మా."

పూలమ్మ చెయ్యి చాచలేదు. "నేను మునగలేదు గదయ్యా."

సంఘ పెద్ద గోవిందప్ప చటుక్కున లేచాడు. షెడ్డుకు స్థలమిచ్చింది ఆయనే.

"ఇదేం పద్ధతి పాస్టరయ్యా? సల్లించుకున్నోళ్లకు గూడా రొట్టె ఇచ్చేటట్టయితే ఆ పెద్ద గుడి ఇడిసి మనమంతా ఈడికి యాల వచ్చినట్టు? మునిగినోళ్లమంతా పిచ్చోళ్లమా?"

"కాదు గోవిందప్పా. నేనూ మునిగినోణ్ణే." జయచంద్ర వెనక్కి తిరగలేదు, పళ్లెం దించలేదు. "నిన్న మదనపల్లెలో పుస్తకం సూసినాను. ఈయమ్మ నీళ్లు సల్లిన బిడ్డలు నలభై ముగ్గురు. నలభై ఇద్దరి పేర్ల పక్కన 'అదే దినము మరణించెను' అని రాసుండాది."

పళ్లెం ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

"పక్కన మా అమ్మానాన్న పేర్లుండి, ఆ మాట రాయకుండా వదిలిన ఒక్క పేరు నాదే."